ఇంగ్లీషు మాటల తేడాలు – 12వ పాఠం: అరుపులు, కేకలు, రంకెలు

విస్పర్, మర్మర్, మటర్... గుసగుసల మాటలన్నీ పోయిన పాఠంలో అయిపోయాయి. ఈసారి గొంతు పెంచుదాం.

'అరిచాడు' అన్న ఒక్క మాటతో తెలుగులో చాలా పని జరిగిపోతుంది. ఆఫీసరు అరిచాడు, పిల్లాడు అరిచాడు, కుక్క అరిచింది. ఆ అలవాటుకొద్దీ ఇంగ్లీషులోనూ అన్నిటికీ షౌట్ అనేస్తాం. నిజానికి మనకి మాటల కరువేం లేదు: కెవ్వుమనడం, కీచుమనడం, రంకె వేయడం, ఊళ పెట్టడం, కేరింతలు కొట్టడం. ఇంగ్లీషు మాట వెతికే ముందు వీటిలో ఏది సరిపోతుందో తేల్చుకోండి, సగం పని అయిపోతుంది.

ముందు షౌట్. గొంతెత్తి చెప్పడం, అంతే. అందులో సాధారణంగా మాటలుంటాయి. కోపం ఉందా లేదా అన్నది వెనకాల వచ్చే చిన్న ముక్క చెబుతుంది. 'షి షౌటెడ్ టు మి' అంటే దూరాన ఉన్న నాకు వినపడేలా కేక వేసింది. 'షి షౌటెడ్ ఎట్ మి' అంటే నా మీద కేకలేసింది. మనం 'మీద' అంటాం కాబట్టి 'షౌటెడ్ ఆన్ మి' అని నోట్లోంచి వచ్చేస్తుంది. అది తప్పు. ఏ ముక్కా లేకుండా 'షౌటెడ్ మి' అన్నా తప్పే. ఆస్ట్రేలియాలో మాత్రం 'హి షౌటెడ్ మి ఎ కాఫీ' అంటారు. అక్కడ దానర్థం నాకు కాఫీ ఇప్పించాడని!

యెల్‌కి షౌట్ కంటే పదునెక్కువ, అదుపు తక్కువ. మాటలుండొచ్చు, ఉత్త అరుపైనా కావచ్చు.

అసలు తికమక స్క్రీమ్, ష్రీక్, స్క్రీచ్ దగ్గర. మూడూ సన్నని, పై స్థాయి గొంతులే. స్క్రీమ్ నొప్పికో భయానికో, ఒక్కోసారి ఆనందానికో పుడుతుంది, కాసేపు సాగుతుంది. ష్రీక్ ఇంకా సన్నం, ఇంకా పొట్టి. చీకట్లో వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే వచ్చే 'కెవ్వు' అదే. దాని స్పెల్లింగులో ఐ ముందు, ఇ తర్వాత. ఇక స్క్రీచ్ అంటే చెవుల్లో గీసినట్టుండే కీచు. బ్రేకులూ టైర్లూ చేసేది ఇదే. మనిషికి వాడేటప్పుడు జాగ్రత్త: 'షి స్క్రీచ్డ్' అని రాస్తే ఆమెకి ఏమైందో చెప్పడం కంటే, ఆ గొంతు మీరు భరించలేకపోయారని చెప్పినట్టవుతుంది.

బొంగురు గొంతులవైపు వస్తే బెలో, రోర్. బెలో అచ్చంగా ఎద్దు రంకె. రోర్ సింహం గర్జన, జనసమూహం హోరు కూడా. ఛాతీ మీద అరచెయ్యి ఆనించి లోగొంతుతో 'హోయ్' అనండి, అదురు తెలుస్తుంది. అది బెలో. 'బెలో'లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలకాలి. రెండోదాన్ని ఒత్తితే 'కింద' అనే అర్థమున్న 'బిలో'లా వినిపిస్తుంది.

ఇప్పుడు ఒకే సంఘటన చూద్దాం. తలుపు సందులో వేలు పడింది. చటుక్కున లాగేసుకుని 'అబ్బా' అంటే యెల్ప్, తోక తొక్కితే కుక్క చేసే 'కుయ్' లాంటిది. వేలు ఇరుక్కుపోయి రాకపోతే స్క్రీమ్. బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ 'ఓ...' అని సాగదీస్తే హౌల్, అంటే ఊళ. చిన్నపిల్లాడైతే నోరంతా తెరిచి గుక్కపట్టి ఏడుస్తాడు, అది బాల్. పలకడం బంతి మాటలాగే, రాసేటప్పుడు మాత్రం బి, ఏ, డబుల్యూ, ఎల్. వేలికి ఏం జరిగిందో విడిగా చెప్పక్కర్లేదు, క్రియే చెప్పేస్తుంది.

వెయిల్ వేరు. అది శోకం, ఎక్కుతూ దిగుతూ సాగే ఏడుపు. అందుకే సైరన్‌కీ అదే మాట. వూప్ అంటే సంతోషం పట్టలేక వేసే కేక.

నవ్వుకీ ఈ మాటలే పనికొస్తాయి, 'విత్ లాఫ్టర్' తగిలిస్తే చాలు. 'రోర్డ్ విత్ లాఫ్టర్' అంటే పగలబడి నవ్వడం, 'ష్రీక్డ్ విత్ లాఫ్టర్' అంటే కీచుగొంతుతో నవ్వడం. నొప్పికైతే 'ఇన్ పెయిన్', 'విత్ పెయిన్' రెండూ చెల్లుతాయి. సాయం కోసమైతే 'ఫర్ హెల్ప్'.

అభ్యాసం. కింది చోట్ల ఏ మాట పడుతుంది?
1. గోల్ పడగానే స్టేడియమంతా...
2. ఏటి అవతలి గట్టున ఉన్నవాడికి 'పడవ వస్తోంది' అని...
3. చెవి పక్కనే బెలూన్ పేలగానే ఆమె...
4. ఊరంతా వినపడేలా సైరన్...

జవాబులు: 1. రోర్డ్. 2. షౌటెడ్ టు. ఇక్కడ 'ఎట్' రాస్తే పడవ రావడం వాడి తప్పన్నట్టుంటుంది. 3. ష్రీక్డ్. యెల్ప్డ్ కూడా ఒప్పే, స్క్రీచ్డ్ మాత్రం వద్దు. 4. వెయిల్డ్.

వచ్చే పాఠంలో ఏడుపు మాటలు: సాబ్, వీప్, వింపర్. బాల్, వెయిల్ గుర్తుపెట్టుకోండి, వాటితో పోల్చి చూడాల్సి వస్తుంది.