మట్టిని చదువుదాం – 5వ పాఠం: బూడిద మచ్చ ఎంత లోతున మొదలైంది?

ముందు పోయినసారి ఇంటిపని. తడిపి నలిపితే మైదాపిండిలా మెత్తగా జారుతుంది, బొటనవేలితో నెడితే వచ్చే మట్టి రిబ్బను అంగుళం సాగేలోపే తెగిపోతుంది. అది ఏ మట్టి అని అడిగాను. జవాబు సిల్ట్ లోమ్, అంటే ఒండ్రు పాలు ఎక్కువున్న గరప నేల. అమెరికా లెక్కలో 0.002 నుంచి 0.05 మిల్లీమీటర్ల మధ్య ఉండే రేణువు సిల్టు. అది సగానికి పైగా ఉండి, బంకమట్టి 27 శాతానికి మించకపోతే ఈ పేరు పెడతారు. సిల్టు మరీ ఎక్కువై, బంకమట్టి మరీ తగ్గితే పేరు మారుతుంది కానీ అంతటి మట్టి మనకు అరుదుగా తగులుతుంది, వదిలేద్దాం.

మట్టి పేరు తెలిసింది. ఇక అందులో నీళ్లు ఎంతకాలం నిలుస్తాయో చూడాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే. ఉదాహరణకు అమెరికాలో నేను ఉంటున్న మధ్య ఇల్లినాయ్‌లోని ఫ్లానగన్ సిల్ట్ లోమ్ అనే నేల తీసుకుంటున్నాను. మట్టి సర్వే పుస్తకాల్లో దీన్ని ‘సమ్‌వాట్ పూర్లీ డ్రెయిన్డ్’, అంటే నీళ్లు అంత బాగా దిగనిది, అంటారు. నీళ్లు దిగే తీరును బట్టి అక్కడ నేలలకు ఏడు మెట్లు కట్టారు. పైమెట్టు మీద నీళ్లు పోసిన క్షణంలో మాయమయ్యే ఇసుక నేలలు, కిందిమెట్టు మీద ఏడాదిలో ఎక్కువ భాగం ఊటలో ఉండే బురద నేలలు. మనది ఐదో మెట్టు. నేను దీన్ని ‘కాస్త మురుగు నేల’ అని పిలుచుకుంటాను. చిత్తడి కాదు, అలాగని నమ్మి విత్తనం వేసేంత ఆరుదలా కాదు.

ఈ నేల దగ్గర నేను రెండు తప్పులు చేశాను. రెండూ పాఠానికి పనికొస్తాయి కాబట్టి చెబుతున్నాను.

కృష్ణా డెల్టా వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఇక్కడి దుక్కి చూడగానే ‘నల్లరేగడి’ అనేశాను. చేతిలోకి తీసుకుని నలిపితే బంక లేదు, ఎండలో నెర్రెలు విచ్చింది లేదు. ఈ నలుపు వేల ఏళ్లపాటు ఇక్కడ మనిషెత్తు పెరిగిన ప్రెయిరీ గడ్డి వేళ్లు కుళ్లి ఇచ్చినది. దాని కింద ఉన్న మెత్తని మట్టిని నది నేరుగా తెచ్చి వేయలేదు, గాలి తెచ్చింది. మంచుయుగంలో హిమానీనదాలు కరిగిన నీళ్లు పారిన లోయల్లో ఒండ్రు ఎండితే, గాలి దాన్ని లేపి మైదానాల మీద పరిచింది. దీన్ని లోయెస్ అంటారు. ఫ్లానగన్ నేలలో ఆ పొర సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్లు. దాని కింద హిమానీనదం నూరి వదిలేసిన రాళ్లూ మట్టీ కలిసిన గట్టి పొర. పైన మెత్తన, కింద గట్టి. దానికి తోడు నేల బల్లపరుపు. నీళ్లు పక్కకూ త్వరగా పోవు, కిందికీ త్వరగా పోవు.

రెండో తప్పు ఆగస్టులో చేశాను. మొక్కజొన్న చేను గట్టున రెండడుగులు తవ్వితే మట్టి పొడిపొడిగా ఉంది. నోటు పుస్తకంలో ‘నీళ్లు బాగా దిగే నేల’ అని రాసుకున్నాను. ఆ చేను రైతు, పెద్దాయన, అది చూసి నవ్వాడు. "ఏప్రిల్‌లో రావయ్యా, బూట్లు ఇక్కడే వదిలేసి పోతావు" అన్నాడు. ఏప్రిల్‌లో వెళ్లాను. బూట్లు వదల్లేదు కానీ అడుగున్నర గుంటలో అరగంటకే నీళ్లు ఊరాయి. సహజ స్థితిలో ఉన్న ఫ్లానగన్ నేలలో చలికాలం చివరి నుంచి మే దాకా నీటిమట్టం పైనుంచి ఒకటి, రెండు అడుగుల్లోకి వచ్చేస్తుంది. ఎండాకాలంలో వేళ్లు తాగేశాక దిగిపోతుంది.

అంటే గుంటలో ఇవాళ నీళ్లు ఉన్నాయా లేవా అన్నది కొలత కాదు. చూడాల్సింది రంగు: నీళ్లు ఎక్కువకాలం నిలిచిన లోతులో మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది.

వరి ఊడ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. దమ్ము చేసిన మడిలో కాలు దిగేసి తీస్తే అడుగున నీలం కలిసిన బూడిద రంగు బురద వస్తుంది. వరి మొక్క పీకితే వేళ్ల మీద జేగురు రంగు తొడుగు ఉంటుంది. ఒకే మడి, రెండు రంగులు. మట్టి రేణువుల మీద సన్నని తుప్పు పూత ఉంటుంది, నేలకు గోధుమ రంగు ఇచ్చేది అదే. నీళ్లు నిండి గాలి ఆడకపోతే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ వాడేసుకుని, ఆ తర్వాత ఆ తుప్పు మీద పడతాయి. ఇనుము కరిగి నీళ్లలో కదులుతుంది. పూత పోయిన రేణువు బోసిగా, బూడిద రంగులో మిగులుతుంది. కరిగిన ఇనుము ఏ వేరు బాట దగ్గరో, పగులు దగ్గరో గాలి తగిలితే మళ్లీ తుప్పుగా పేరుకుంటుంది. వరి వేరు తన చుట్టూ గాలి వదులుతుంది కాబట్టి అక్కడే జేగురు. మాంగనీసు అయితే ఆవగింజంత నల్ల గుళికలుగా కనిపిస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి, తిండి కావాలి. గడ్డకట్టే చలిలో నెల్లాళ్లు నీళ్లు నిలిచినా బూడిద మచ్చ పడకపోవచ్చు.

ఇప్పుడు తవ్వుదాం. పారతో గానీ ఆగర్‌తో (తిప్పుతూ మట్టిని తొలిచి తీసే పనిముట్టు) గానీ మీటరు లోతు దాకా తీసి, తీసిన మట్టిని అదే వరుసలో పట్టా మీద పరవండి. పక్కన టేపు పెట్టండి. బెడ్డలను చేత్తో విరిచి లోపలి ముఖం చూడండి, పార రాసుకున్న ముఖం అబద్ధం చెబుతుంది. మట్టిని కొద్దిగా తడపండి. నీడలో వద్దు, ఎండలో నిలబడండి. చలువ కళ్లద్దాలు తీయండి (ఒక పూటంతా పెట్టుకునే చూశాను, చేనంతా జేగురే). రంగుల పుస్తకం మన్సెల్ ఉంటే మంచిది. మన పని చాలావరకు అందులో 10వైఆర్ (పసుపు, ఎరుపు కలిసిన ఛాయ) అనే పేజీలోనే. వెలుగు అంకె నాలుగు లేదా అంతకు మించి, గాఢత అంకె రెండు లేదా అంతకు తక్కువ ఉంటే దాన్ని బూడిద కింద లెక్క వేయండి. పుస్తకం ఖరీదెక్కువ, లేకపోయినా నేర్చుకోవచ్చు. ఫోన్ ఫొటోను మాత్రం నమ్మకండి.

నల్లటి పైపొరలో మచ్చల కోసం వెతికి కళ్లు నొప్పి తెచ్చుకోవద్దు. ఆ నలుపు అన్నిటినీ కప్పేస్తుంది. నలుపు ఎక్కడ ముగిసిందో అక్కడ ఆగండి. అసలు రంగు గోధుమై, మచ్చలు బూడిదా? లేక అసలు రంగే బూడిదై, మచ్చలు జేగురా?

నలుపు అయిపోగానే గోధుమ నేల మీద బూడిద, జేగురు మచ్చలు కలిసి కనిపిస్తే మన ఫ్లానగనే. కాస్త మెరక మీద ఉండే కాట్లిన్ నేలలో నలుపు కింద కొంత దూరం శుభ్రమైన గోధుమ రంగు ఉండి, మచ్చలు ఆ తర్వాత వస్తాయి. పల్లంలోని డ్రమ్మర్ నేలలో నలుపు కింద నేపథ్యమే బూడిద. ఈ డ్రమ్మర్ ఇల్లినాయ్ రాష్ట్ర మృత్తిక కూడా. మూడూ ఒకే చేలో ఉంటాయి, మెరకకూ పల్లానికీ తేడా చాలాచోట్ల మనిషెత్తు కూడా ఉండదు. కంటికి అంతా బల్లపరుపే.

ఒక అభ్యంతరం రావాలి మీకు. ఈ చేల కింద మూడు నాలుగు అడుగుల లోతున నీళ్లు లాగే గొట్టాలు వేసి ఉంటాయి కదా, మరి మచ్చలు పోవా? పోవు, ఎన్నో ఏళ్లు అలాగే ఉంటాయి. పూర్వం కాల్చిన మట్టి గొట్టాలు, ఇప్పుడు చిల్లుల ప్లాస్టిక్ పైపులు. మచ్చ చెప్పేది నేల స్వభావం, గొట్టం వేశాక పరిస్థితి కాదు. ఇప్పటి నీటిమట్టం కావాలంటే చిల్లుల పైపు ఒకటి దించి వసంతంలో వారానికోసారి టేపు వేసి కొలవాల్సిందే.

ఆ గొట్టాలు లేకపోతే ఈ నేల రైతును ఏడిపిస్తుంది. వసంతంలో ఆలస్యంగా వేడెక్కుతుంది, పదును కోసం ఎదురుచూడాలి. తొందరపడి తడి మీద ట్రాక్టరు దించితే కిందిపొర అణిగిపోతుంది. విత్తాక జోరువాన పడితే సిల్టు పైన పెచ్చు కట్టి మొలకను బయటికి రానివ్వదు. మే, జూన్‌లలో నీళ్లు నిలిస్తే వేసిన నత్రజని కొంత గాలిలో కలుస్తుంది. గొట్టం ఉంటే ఆ బాధ తగ్గుతుంది కానీ నైట్రేట్ ఆ గొట్టం వెంటే వాగులోకి పోతుంది, మిసిసిపీ మీదుగా సముద్రం దాకా.

ఇదే నేల మంచి రోజుల్లో ఎంత పండిస్తుందో చూడాలంటే అర్బానా వెళ్లండి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1876లో మొదలుపెట్టిన మారో ప్లాట్స్ అనే ప్రయోగ చేను ఉన్నది ఫ్లానగన్ సిల్ట్ లోమ్ మీదే. ఒక ముక్కలో అప్పటినుంచి ఏటా మొక్కజొన్నే వేస్తున్నారు. పక్కన లైబ్రరీ కట్టాల్సి వచ్చినప్పుడు చేను మీద నీడ పడకూడదని భవనాన్ని నేల కిందికి దించారు. నేనైతే లైబ్రరీ కన్నా ఆ చేను గట్టునే ఎక్కువసేపు నిలబడ్డాను.

ఈసారి ఇంటిపని. వెబ్ సాయిల్ సర్వే (అమెరికా వ్యవసాయ శాఖ మట్టి పటాల వెబ్‌సైట్) తెరిచి మీకు తెలిసిన ఒక చేను గుర్తించండి. మధ్య ఇల్లినాయ్‌లో అయితే పటం మీద గుర్తులు ఇవి: 154ఎ ఫ్లానగన్, 152ఎ డ్రమ్మర్, 171బి కాట్లిన్. పటం గీత మీద నమ్మకం పెట్టుకోకుండా గీతకు అటొకటి ఇటొకటి రెండు గుంటలు తవ్వండి. రైతు అనుమతి అడగండి, తవ్వే ముందు 811కి (భూమిలోని లైన్లు గుర్తించే సేవ) ఫోన్ చేయండి. వాళ్లు గ్యాసు, కరెంటు లైన్లకు గుర్తు పెడతారు, చేలోని మురుగు గొట్టాలకు పెట్టరు. అవి ఎక్కడున్నాయో రైతునే అడగాలి. ప్రతి గుంటకూ మూడే అంకెలు రాయండి: నలుపు ముగిసిన లోతు, మొదటి బూడిద మచ్చ కనిపించిన లోతు, బూడిద సగానికి పైగా ఆక్రమించిన లోతు. వచ్చే పాఠంలో ఆ అంకెలు పక్కన పెట్టుకునే బెడ్డల ఆకారం చూద్దాం.