కనుమ మర్నాడు బయల్దేరేవాళ్లకి

రాజోలులో కారు తోల్తానండి నేను. పండక్కి వచ్చిన హైదరాబాదు వాళ్లని తిరిగి స్టేషన్లకీ, రాజమండ్రి దగ్గరి మధురపూడి ఎయిర్‌పోర్టుకీ దింపడమే జనవరిలో నా పని. కనుమనాడు కాకి కూడా కదలదంటారు గానీ, ఆ మర్నాడు తెల్లారగట్ల కోనసీమంతా ఒక్కసారే కదుల్తుంది. మంచు దట్టంగా ఉండేదీ అప్పుడే.

దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులకి చేల నిండా నీళ్లు, ఎటు చూసినా కాలవలు. గాలి ఆడకుండా, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల చల్లబడి ఆ తేమంతా మంచై కూర్చుంటుంది. ఎండెక్కితేగానీ లేవదు, మామూలుగా ఎనిమిదిన్నరో తొమ్మిదో అవుద్ది. అందుకని ముందురోజు సాయంత్రం ఆకు కదలక, మబ్బు లేక, చలి మొదలైందంటే పొద్దుటి ప్రయాణం వెనక్కి జరపండి. కుదరదా, రాత్రే రాజమండ్రి వెళ్లి పడుకోండి.

విమానమైతే మధ్యాహ్నందే చూసుకోండి. పొద్దున్నే వచ్చేది రన్‌వే కనపడక ఇంకో ఊరు పోయిందంటే, మీరెక్కాల్సింది కూడా అదే కదండీ. రద్దు చేస్తే డబ్బు వెనక్కి తీసుకోవడమా, వేరే ఫ్లైటా అన్నది మీ ఇష్టం. వాతావరణం వల్ల కాబట్టి నష్టపరిహారం మాత్రం రాదు, కౌంటరు దగ్గర గొడవపడి లాభం లేదు.

రైలు ఎక్కడ పుట్టిందో చూసి బుక్ చేయండి. హౌరా నుంచి వచ్చేది దారిపొడుగునా ఆలస్యం మూటగట్టుకుని వస్తుంది. కాకినాడలో మొదలయ్యే గౌతమి ఎక్స్‌ప్రెస్ గానీ, నరసాపురంలో మొదలయ్యే బండి గానీ నయం. మూడు గంటలకి మించి లేటై, మీరు వెళ్లదలుచుకోకపోతే, మీ స్టేషన్లో బండి కదలకముందే టీడీఆర్ (టికెట్ డబ్బు వెనక్కివ్వమనే అర్జీ) వేయండి, పూర్తి డబ్బు వస్తుంది. బండి వెళ్లిపోయాక వేస్తే ఆ లెక్క వర్తించదు.

సొంత కారు వాళ్లకే నా భయమంతా. హైవే కంటే కాలవగట్టు రోడ్లు ప్రమాదం. చాలాచోట్ల పిట్టగోడుండదు, మలుపు కనపడదు. డిమ్‌లోనే పోవాలి. హై బీమ్ వేస్తే వెలుగు మంచుకి తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపకండి, మీరెటు తిరుగుతారో వెనకోడికి తెలీదు. లోపల అద్దం మసకేస్తే ఏసీ గాలి అద్దం మీదికి తిప్పండి. పక్కద్దం కొంచెం దించితే కొబ్బరి లోడు ట్రాక్టరు చప్పుడు ముందే వినపడుద్ది, వాటికి వెనక లైటు ఉండటం అరుదు. అసలేం కనపడకపోతే రోడ్డు వారనే ఆగొద్దు, పెట్రోలు బంకులోకో హోటలు ఆవరణలోకో దూరిపొండి.

గోదావరి దాటి నరసాపురం వెళ్లేవాళ్లు సఖినేటిపల్లి రేవు మీద ఆశ పెట్టుకోకండి. అవతలి గట్టు కనపడనప్పుడు పంటు (బళ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. చుట్టైనా చించినాడ వంతెన మీదుగా పొండి.

పిల్లలకి సున్నుండలు, పెద్దాళ్ల మందులు చేతి సంచిలో పెట్టండి. అత్తగారిచ్చిన కొబ్బరికాయల బస్తా కింద పెడితే దారిలో ఎవడు తీస్తాడండీ?

ఇంకోటి, డ్రైవరుకి ఫోన్ చేసినప్పుడు ‘ఐదింటికి రండి’ అనొద్దు. రైలు టైము చెప్పండి. ఇంటి దగ్గర ఎన్నింటికి కదలాలో, మంచుని బట్టి మేం చెప్తాం.