చేనేత చీరలమ్మే ఆన్‌లైన్ దుకాణానికి పేమెంట్ గేట్‌వే, షాపింగ్ కార్ట్ ఎలా ఎంచుకోవాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, వాట్సాప్‌లో మాట్లాడుకుని, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ తెప్పించుకుని చీర పంపే పద్ధతి రోజుకు రెండు మూడు ఆర్డర్ల దాకా బాగానే నడుస్తుంది. పది దాటాయంటే ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో బ్యాంకు మెసేజ్‌లతో సరిచూసుకోవడానికే పూట గడిచిపోతుంది. పాత స్క్రీన్‌షాట్‌లో తేదీ మార్చి పంపేవాళ్లూ తగులుతారు. సొంత వెబ్‌సైట్ అవసరం అప్పుడే మొదలవుతుంది. అందులో చీరలు చూపించి, ఆర్డర్ తీసుకుని, స్టాక్ లెక్క చూసే సాఫ్ట్‌వేర్ షాపింగ్ కార్ట్. కొనేవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీ ఖాతాకు చేర్చే సేవ పేమెంట్ గేట్‌వే. మంగళగిరి, పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి చీరలమ్మే చిన్న దుకాణాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్న క్రమం ఇది.

1. మీ సరుకు ఎలాంటిదో ముందు తేల్చుకోండి

టీషర్టులైతే ఒకే రకం వంద ఉంటాయి. చేనేత చీర అలా కాదు. ఆ రంగు, ఆ అంచు చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. ఒకే చీరకు ఇద్దరు డబ్బు కట్టేస్తే ఒకరికి క్షమాపణ చెప్పి వెనక్కి ఇవ్వాల్సిందే. కాబట్టి స్టాక్‌ను ఒక్కో పీస్‌గా లెక్కపెట్టడం, డబ్బు కట్టే ఆ కొద్ది నిమిషాలూ చీరను మరొకరికి చూపకుండా ఆపడం మీ కార్ట్‌కు తెలిసి ఉండాలి. అందమైన థీమ్ చూసి కార్ట్‌ను ఎంచుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

నెలకు ఎన్ని ఆర్డర్లు, సగటు బిల్లు ఎంత, విదేశాల నుంచి కొనేవాళ్లు ఉన్నారా అన్నవి కాగితం మీద రాసుకోండి. తర్వాతి లెక్కలన్నీ వీటి మీదే నడుస్తాయి.

2. గేట్‌వే: ధర కంటే ముందు అనుమతి చూడండి

కొనేవాళ్ల డబ్బును తన దగ్గర ఉంచుకుని మీకు పంపే సంస్థకు పేమెంట్ అగ్రిగేటర్‌గా ఆర్‌బీఐ అనుమతి ఉండాలి. దీనికి 2020 మార్చిలో నిబంధనలు వచ్చాయి. అనుమతి పొందిన సంస్థల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీరు అనుకుంటున్న పేరు అందులో లేకపోతే ఎంత తక్కువ ఫీజు చెప్పినా వదిలేయండి.

తర్వాత రేట్ కార్డు అడగండి. "2 శాతం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. యూపీఐ, డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు, ఈఎంఐ, విదేశీ కార్డు, ఒక్కోదానికి విడిగా రాయించుకోండి. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద ఎండీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు దుకాణదారు కట్టే రుసుము) సున్నా. అయినా కొన్ని గేట్‌వేలు ప్లాట్‌ఫాం ఫీజు పేరుతో వాటి మీద కూడా వసూలు చేస్తాయి. మీకొచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం యూపీఐ అయితే రేట్ కార్డులో ఈ ఒక్క వరుసే మీ ఖర్చును నిర్ణయిస్తుంది.

లెక్క ఇలా వేయండి. చీర 2,500 రూపాయలు, ఫీజు 2 శాతం అంటే 50. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 9. చేతికొచ్చేది 2,441. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు ఆ 9 రూపాయలను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా చూపించుకోవచ్చు. చీర వెనక్కి వచ్చి మీరు రీఫండ్ ఇస్తే గేట్‌వే ఫీజు మాత్రం సాధారణంగా తిరిగి రాదు. ధర పెట్టేటప్పుడే దీన్ని కలుపుకోండి.

డబ్బు మీ ఖాతాలో ఎన్నాళ్లకు పడుతుందో కూడా అడగండి. మామూలుగా రెండు పని దినాలు పడుతుంది. మగ్గం వాళ్లకు వారం వారం డబ్బు ఇవ్వాల్సినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. శనివారం అమ్మకాల డబ్బు మంగళ, బుధవారాల్లో వస్తుందనుకుని ఏర్పాటు చేసుకోవాలి.

దరఖాస్తుకు పాన్, బ్యాంకు ఖాతా, రద్దు చేసిన చెక్కు, ఉద్యమ్ (చిన్న సంస్థల నమోదు) లేదా జీఎస్టీ పత్రం సిద్ధంగా ఉంచుకోండి. ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది పత్రాలు లేక కాదు, వెబ్‌సైట్‌లో పేజీలు లేక. చిరునామా, ఫోన్ నంబరుతో సంప్రదింపుల పేజీ, నిబంధనలు, గోప్యత, రీఫండ్, డెలివరీ విధానం ఉండాలి. చీరలు ధరలతో సహా కనిపించాలి. పాన్‌లో ఉన్న పేరు, ఖాతా పేరు ఒకటే ఉండాలి.

3. కార్ట్: అద్దె ఇల్లా, సొంత ఇల్లా?

షాపిఫై అద్దె ఇల్లు లాంటిది. నెలనెలా డబ్బు కడితే సర్వర్, భద్రత, అప్‌డేట్లు వాళ్లే చూసుకుంటారు. కానీ వాళ్ల సొంత పేమెంట్ సేవ మన దేశంలో లేదు. బయటి గేట్‌వే వాడాల్సిందే, అలా వాడినందుకు బేసిక్ ప్లాన్‌లో ప్రతి అమ్మకం మీద మరో 2 శాతం తీసుకుంటారు. నెలకు 2,500 రూపాయల చీరలు 40 అమ్మితే అదనంగా 2,000 పోతుంది, నెల అద్దె కాకుండా.

వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే వూకామర్స్ ఉచితం, అమ్మకం మీద కమీషన్ లేదు. హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్ అద్దె), డొమైన్ (సైట్ పేరు) ఖర్చు మీది. అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి లేకపోతే ఏదో ఒక రోజు ప్లగిన్ (సైట్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాం) అప్‌డేట్ అయ్యాక చెకౌట్ (డబ్బు కట్టే పేజీ) పనిచేయదు, ఆ సంగతి మీకు రెండు రోజుల తర్వాత కొనేవాళ్లు చెబితే గానీ తెలియదు. ఇంట్లో గానీ తెలిసినవాళ్లలో గానీ ఆ పని చూసేవాళ్లుంటే వూకామర్స్ మంచిది. లేకపోతే 2 శాతం పోయినా షాపిఫైలోనే నిశ్చింత ఎక్కువ.

ఏది తీసుకున్నా మీ గేట్‌వే సంస్థ స్వయంగా తయారుచేసి, ఈ మధ్యే అప్‌డేట్ చేసిన ప్లగిన్ ఉందో లేదో చూడండి. ఎవరో మూడో వ్యక్తి రాసిన ప్లగిన్ వద్దు.

4. "డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు"

ఆన్‌లైన్ దుకాణానికి వచ్చే ఫోన్లలో చాలావరకు ఇవే. కొనేవాళ్లు యూపీఐ యాప్‌లో పిన్ కొట్టాక తిరిగి మీ పేజీకి రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తారు, లేదా నెట్ పోతుంది. డబ్బు వచ్చిన సంగతి బ్రౌజర్ ద్వారా మాత్రమే తెలుసుకునే కార్ట్‌కు ఆ కబురు అందదు. అందుకే వెబ్‌హుక్ పెట్టాలి. గేట్‌వే సర్వర్ నేరుగా మీ సర్వర్‌కు "ఫలానా ఆర్డర్‌కు డబ్బు వచ్చింది" అని చెప్పే ఏర్పాటు ఇది. గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లో వెబ్‌హుక్ చిరునామా, దాని రహస్య పదం నింపండి. ప్లగిన్‌లోనూ అదే పదం ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కబురును కార్ట్ తిరస్కరిస్తుంది.

ఒక్క పీస్ చీరల సమస్య ఇక్కడే మళ్లీ వస్తుంది. వూకామర్స్‌లో డబ్బు రాని ఆర్డర్ కోసం స్టాక్‌ను మామూలుగా 60 నిమిషాలు ఆపుతారు. ఇన్వెంటరీ సెట్టింగ్స్‌లో దాన్ని 20 నిమిషాలకు తగ్గించండి, లేదంటే మనసు మార్చుకున్నవారి చీర గంటసేపు ఎవరికీ దొరకదు. మరీ 5 నిమిషాలకు తగ్గిస్తే మాత్రం బ్యాంకు ఆలస్యం చేసినప్పుడు ఆర్డర్ రద్దయ్యాక డబ్బు వస్తుంది. రేజర్‌పే వంటి గేట్‌వేల్లో ఆలస్యంగా వచ్చిన చెల్లింపును తీసుకోవాలా, తిప్పి పంపాలా అన్న గడువు మీరే పెట్టుకోవచ్చు. ఆ గడువు కార్ట్ చీరను ఆపే సమయం కంటే తక్కువ ఉండాలి.

కొనేవారి ఖాతాలో డబ్బు కట్ అయి మీకు కబురే రాకపోతే 5 రోజుల్లోపు అది వారికి తిరిగి పడాలని, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో చెప్పింది. ఈ మాట రీఫండ్ పేజీలో రాసి పెట్టండి.

5. తెరిచే ముందు

నిజంగా డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లో చెల్లింపు సఫలం, విఫలం రెండూ చూడండి. తర్వాత లైవ్ కీలు (అసలు చెల్లింపుల కోసం గేట్‌వే ఇచ్చే రహస్య కోడ్‌లు) పెట్టి 10 రూపాయల ఉత్తుత్తి వస్తువొకటి సృష్టించి నిజంగా కొనండి. పిన్ కొట్టగానే బ్రౌజర్ మూసేయండి. రెండు నిమిషాల్లో ఆర్డర్ "ప్రాసెసింగ్"లోకి మారితే వెబ్‌హుక్ పనిచేస్తున్నట్టే. అదే 10 రూపాయలు రీఫండ్ చేసి ఎన్నాళ్లకు వస్తాయో రాసుకోండి. చివరగా, స్టాక్ ఒకటే ఉన్న వస్తువును రెండు ఫోన్లలో ఒకేసారి కొనడానికి ప్రయత్నించండి. రెండో ఫోన్‌లో "స్టాక్ లేదు" అని రావాలి.

6. అమెరికా నుంచి కొనేవాళ్లుంటే

గేట్‌వేలో విదేశీ కార్డుల సౌకర్యం దానంతట అది రాదు, విడిగా దరఖాస్తు పెట్టాలి, ఫీజూ ఎక్కువే. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపల చెల్లింపులు ఆపేసింది గానీ విదేశాల నుంచి డబ్బు తీసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. ఎగుమతికి ఐఈసీ (దిగుమతి, ఎగుమతిదారుల గుర్తింపు) నంబరు తీసుకోండి. ప్రతి పార్సిల్‌కూ కొరియర్ వాళ్లిచ్చిన డెలివరీ రుజువు దాచుకోండి. కొన్నవారు "నాకు చీర అందలేదు" అని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.