పుస్తకం మూసి చదివే పద్ధతి: కాలేజీ విద్యార్థుల కోసం

పరీక్షలు దగ్గరపడుతున్నకొద్దీ చాలామంది విద్యార్థులు చేసే పని ఒకటే: అదే అధ్యాయాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం, ముఖ్యమనిపించిన వాక్యాల కింద గీతలు గీయడం, హైలైటర్‌తో రంగు పూయడం. మూడోసారి చదివేటప్పటికి వాక్యాలన్నీ పరిచయమైనవిగా తోస్తాయి కాబట్టి పాఠం వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. అయితే చూసినప్పుడు గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. పరీక్ష హాలులో కావలసింది రెండోది. గదిలో అంతా వచ్చినట్టే ఉండి, ప్రశ్నపత్రం చేతికి రాగానే ఏమీ తోచక కుమిలిపోయేవారు తమకు తెలివి తక్కువని అనుకుంటూ ఉంటారు. వారిలో చాలామందికి లోపించినది తెలివి కాదు, గుర్తుకు తెచ్చుకునే సాధన.

కాబట్టి అన్నిటికంటే ముందు అలవరచుకోవలసింది, చదివినదాన్ని పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయడం. అర్థశాస్త్రంలో డిమాండ్ వ్యాకోచత్వం గురించి నాలుగు పేజీలు చదివారనుకుందాం. పుస్తకాన్నీ నోట్స్‌నూ పక్కన పెట్టి నిర్వచనం, సూత్రం, ఒక చిన్న లెక్క, వ్యాకోచత్వాన్ని ప్రభావితం చేసే కారణాలు మీ సొంత మాటల్లో రాయండి. ధర 10 శాతం పెరిగినప్పుడు డిమాండ్ 20 శాతం తగ్గిందన్న లెక్క వేయబోతుండగా, సూత్రంలో పైన ఉండవలసింది డిమాండ్‌లో వచ్చిన మార్పా, ధరలో వచ్చిన మార్పా అన్న సందేహం కలిగిందనుకోండి. వెంటనే పుస్తకం తెరవకుండా ఒకటి రెండు నిమిషాలు ఆలోచించండి. ధర మారితే కొనుగోలుదారు ఎంతగా స్పందిస్తాడన్నదే ఇక్కడి ప్రశ్న కాబట్టి స్పందన పైన, దానికి కారణమైన ధర కింద ఉండాలన్న తర్కం అప్పుడు దానంతట అదే తట్టవచ్చు. అలా తట్టిన సూత్రం బట్టీ పట్టినదానికంటే గట్టిగా నిలుస్తుంది. తట్టకపోతే పుస్తకం తెరిచి, తప్పినచోట ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. మరునాడు ముందుగా చూడవలసింది ఆ ఎర్రటి భాగాన్నే.

ఈ పద్ధతి మొదట్లో నిరుత్సాహపరుస్తుందన్న మాట ముందే చెప్పాలి. కాగితం సగం ఖాళీగా మిగిలితే ఎవరికైనా బాధగానే ఉంటుంది, తిరిగి చదవడమే నయమనిపిస్తుంది. అయితే 2006లో మనస్తత్వవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ధైర్యమిస్తుంది. అందులో కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లోనూ చూడకుండా గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే పదే పదే చదివినవారే ముందున్నారు. వారం తర్వాత మాత్రం చదివినవారికి సుమారు 40 శాతం గుర్తుండగా, చూడకుండా రాసినవారికి సుమారు 60 శాతం గుర్తుంది. తమకు బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ ధీమా చూపినది కూడా చదివినవారే కావడం గమనించదగ్గది. మనకు కలిగే ధీమాను కొలమానంగా తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

రెండో అలవాటు, చదువును రోజుల మీద పరచడం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి కొన్ని గంటల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుందని వాటివల్ల తెలిసింది. అందువల్ల ఒక అధ్యాయానికి ఐదు గంటలు కేటాయించదలిస్తే, వాటిని ఒకే ఆదివారం ఖర్చుచేయడం కంటే పాఠం విన్న రోజు సాయంత్రం కొంత, మరునాడు కొంత, మూడు నాలుగు రోజులకు కొంత, వారానికి కొంత, ఆ తర్వాత పరీక్ష దూరాన్నిబట్టి మరికొంత వాడుకోవడం మేలు. ప్రతిసారీ మొదట కాగితం మీద రాయాలి, తర్వాతే పుస్తకం తెరవాలి. సెమిస్టర్ మొదటి వారంలోనే ఒక క్యాలెండర్ తీసుకుని, ఏ అధ్యాయాన్ని ఏ తేదీన తిరిగి చూడాలో రాసిపెట్టుకుంటే, "ఈరోజు ఏం చదవాలి" అన్న ఆలోచనతోనే సాయంత్రం గడిచిపోయే ఇబ్బంది ఉండదు.

లెక్కలు చేసే సబ్జెక్టుల్లో దీనికి తోడు మరొకటి అవసరం. ఇంటిగ్రేషన్‌లో సబ్‌స్టిట్యూషన్ లెక్కలు ఇరవై, ఆ తర్వాత బై పార్ట్స్ లెక్కలు ఇరవై వరుసగా చేస్తే, ఏ పద్ధతి వాడాలో శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. పద్ధతులన్నీ ఒకసారి నేర్చుకున్నాక లెక్కలను కలగలిపి చేయండి. పెన్ను పెట్టేముందు ఏ పద్ధతి, ఎందుకు అన్నది ఒక్క వాక్యంలో చెప్పుకోండి. వేగం తగ్గుతుంది, తప్పులు పెరుగుతాయి, అయినా మానవద్దు.

తరగతిలో నోట్స్ రాసేటప్పుడు లెక్చరర్ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ ఎక్కించబోవద్దు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి చాలా సులువైనది: పేజీకి ఎడమవైపు రెండున్నర అంగుళాలు ఖాళీ వదిలి కుడివైపు నోట్స్ రాయాలి, ఆ రోజే ఎడమవైపు ఆ నోట్స్‌కు తగిన ప్రశ్నలు రాసుకోవాలి. తర్వాత కుడిభాగాన్ని కాగితంతో కప్పి ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే మొదట చెప్పిన సాధనకు సామగ్రి సిద్ధంగా ఉన్నట్టే.

ఎంతసేపు ఏకబిగిన చదవాలన్నది మనిషిని బట్టి, పాఠాన్ని బట్టి ఉంటుంది. 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం అనే పద్ధతి కూర్చోవడానికే మనసు రాని రోజుల్లో బాగా పనికొస్తుంది. పొడవైన డెరివేషన్ చేసేటప్పుడు మాత్రం మధ్యలో లేవడం నష్టమే. ఫోను సైలెంట్‌లో పెట్టడం చాలదు, వేరే గదిలో ఉంచండి. నిద్ర విషయంలో రాజీ వద్దు. నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడే పనిలో చాలా భాగం నిద్రలోనే జరుగుతుంది. పరీక్ష ముందు రాత్రంతా మేలుకుంటే కొత్తగా చేరేదానికంటే పోగొట్టుకునేదే ఎక్కువ కావచ్చు.

పరీక్షకు రెండు వారాల ముందు నుంచి పాత ప్రశ్నపత్రాలను గడియారం ఎదుట పెట్టుకుని, పుస్తకం లేకుండా, నిర్ణీత సమయంలోనే రాయండి. దిద్దుకున్న తర్వాత ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: విషయం తెలియదా, తెలిసినా గుర్తురాలేదా, ప్రశ్నను సరిగా చదవలేదా, సమయం చాలలేదా. మొదటి రకం తప్పుకు పుస్తకం తెరవాలి. రెండో రకానికి మళ్ళీ తెల్లకాగితమే మందు. మూడోదానికి ప్రశ్నలోని కీలకమైన మాటల కింద గీత గీసే అలవాటు చాలు. నాలుగోదానికి మార్కులను బట్టి ఒక్కో జవాబుకు ఎన్ని నిమిషాలో ముందే పంచుకుని, తర్వాతి పత్రాన్ని ఆ ప్రకారమే రాయాలి.