మాట్లాడని ఆల్సెస్టిస్ దగ్గర మొదలుపెట్టండి: గ్రీకు విషాదం నుంచి థ్రిల్లర్ కథ

గ్రీకు నాటకం మీద ఫెమినిస్టు కథ రాస్తామని వచ్చే అమ్మాయిల్లో ఎక్కువమంది మెడియానే పట్టుకుంటారు. మొగుడు ఇంకో పెళ్లికి సిద్ధపడితే కన్నపిల్లల్ని చంపేసిన ఆడది. మంచి సరుకే. కానీ ఆమె తన గోడు మొత్తం నాటకంలోనే చెప్పేసుకుంది. ఒక్కసారి కనడం కంటే మూడుసార్లు డాలు పట్టుకుని యుద్ధంలో నిలబడటం నయమని క్రీ.పూ. 431లోనే ఏథెన్స్ మగాళ్ల మొహం మీదే అంది. దాని మీద మనం కొత్తగా కలిపేది ఏముంటుంది? అందుకే నేను చెప్పేది ఒకటే: నోరు విప్పని మనిషిని వెతకండి.

వెతకడం పెద్ద కష్టమేం కాదు. గ్రీకు నాటకకర్త సోఫొక్లీస్ దగ్గరే ముగ్గురు దొరుకుతారు. వీరుడు హెరాక్లీస్ భార్య డియనైరా, క్రెయాన్ రాజు భార్య యూరిడిసి ఘోరమైన వార్త విని ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్లిపోతారు. ఈడిపస్ రాజుకు తల్లీ భార్యా అయిన జొకాస్టా ఏదో ఒక్క మాట అని వెళ్లిపోతుంది. బయట ఉన్నవాళ్లు మాత్రం 'ఇదేంటి, ఇలా వెళ్లిపోయింది?' అని కంగారుపడతారు. ఆ తర్వాత మనకు తెలిసేది చావు కబురే. గుమ్మం దాటాక ఆ గదిలో ఏం జరిగిందన్నదే మీ కథ.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మౌనం యూరిపిడీస్ 'ఆల్సెస్టిస్'లో ఉంది. క్రీ.పూ. 438 నాటిది. అడ్మెటస్ రాజుకు చావు దగ్గరపడుతుంది. బదులుగా ఇంకెవరైనా చనిపోతే తను బతకొచ్చు. ముసలి తల్లిదండ్రులు ఒప్పుకోరు, పెళ్లాం ఆల్సెస్టిస్ ఒప్పుకుంటుంది. పిల్లల మీదికి సవతితల్లిని తేవద్దని చనిపోయే ముందు మాట తీసుకుంటుంది. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, నీ బొమ్మ చేయించి మంచం మీద పెట్టుకుంటానంటాడు. ఆమెను సాగనంపిన రోజే హెరాక్లీస్ మృత్యువుతో కుస్తీ పట్టి ఆమెను వెనక్కి తెస్తాడు. ముసుగేసి, పోటీలో గెలుచుకున్న ఎవరో అమ్మాయి అని చెప్పి, ఇంట్లో ఉంచుకోమంటాడు. అడ్మెటస్ వద్దు వద్దంటూనే, చూస్తే రాయి చేసేసే గోర్గాన్ రాక్షసి తల నరకబోయేవాడిలా మొహం పక్కకు తిప్పుకుని, చివరికి ఆ చెయ్యి పట్టుకుంటాడు. అప్పుడు చూస్తే ఆమె తన భార్యే. ఆమె మాత్రం పలకదు. మూడో రోజు దాకా పలకకూడదని హెరాక్లీస్ చెప్పడంతో నాటకం దాదాపు అయిపోతుంది.

అప్పట్లో మాట్లాడే నటులు తక్కువ కాబట్టి యూరిపిడీస్ ఆమెను పలకనివ్వలేదని పండితులు కొందరు అంటారు. అయ్యుండొచ్చు. రాసేవాళ్లు మాత్రం ముసుగు లోపలి నుంచి చూడాలి. ఇంకో ఆడదాని ఊసే ఎత్తనన్న మొగుడు, రోజు తిరక్కుండానే ఎవరో పరాయి అమ్మాయి అనుకుని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చూసింది అదే! 2019లో వచ్చిన 'ది సైలెంట్ పేషెంట్' అనే థ్రిల్లర్ ఈ మౌనాన్నే వాడుకుంది. అందులో భర్తను కాల్చి చంపిన ఆరోపణ ఉన్న చిత్రకారిణి మాట్లాడటం మానేస్తుంది. తన బొమ్మకు 'ఆల్సెస్టిస్' అని పేరు పెడుతుంది. మిగతాది చెబితే చదవనివాళ్లు నన్ను తిడతారు.

ఇదేమీ మనకు తెలియని పద్ధతి కాదు. ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుకున్న ఆడవాళ్లు చేసింది ఇదే. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన లక్ష్మణుణ్ణి ఆమె గుర్తుపట్టక పరాయివాడనుకుని గద్దిస్తుంది. రాముడి కథలో ఎవరూ తియ్యని తలుపు వాళ్లు తీశారు.

ఇప్పుడు ఆల్సెస్టిస్‌ను మన కాలానికి తెద్దాం. భర్త డయాలసిస్ మీద ఉన్నాడు. భార్య కిడ్నీ ఇస్తుంది. మామగారు ఇవ్వనన్నాడు. ఈ మామగారు నాటకంలో ఫెరెస్. కోడలి శవం ముందే కొడుకుతో గొడవపడి, 'వెలుగు చూడటం నీకిష్టం, నాకు కాదా?' అని అడుగుతాడు. ఆయన్ని విలన్‌ని చెయ్యకండి. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, అదే మీ కథకు బలం. కోరస్ కోసం, అంటే గ్రీకు నాటకంలో కథ మీద వ్యాఖ్యానించే బృందం కోసం, వెతుక్కోనక్కర్లేదు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఉంది. 'మా వదిన దేవత' అని దండం బొమ్మలు పెడుతూనే ఉంటారు. దేవత అన్నాక ఇక ఆమెను ఏమీ అడగక్కర్లేదు కదా!

టెన్షన్ ఎలా పెంచాలో 'ఈడిపస్' చూసి నేర్చుకోండి. పాత రాజును చంపిందెవరో వెతికే ఈడిపస్సే ఆ హంతకుడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఆయనకు ఎప్పుడు తెలుస్తుందన్నదే ఉత్కంఠ. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతానేమోనన్న ఈడిపస్ భయం పోగొడదామని, కొరింథ్ నుంచి వచ్చిన దూత, మిమ్మల్ని పెంచిన కొరింథ్ రాజు మీ కన్నతండ్రి కాదులెండి అంటాడు. మంచి కబురనుకుని చెప్పిందే కొంప ముంచుతుంది. అరిస్టాటిల్ కథ మలుపుకు ఉదాహరణగా చూపింది ఈ సీనే. మన కథలో ఆ దూత నర్సు. డిస్చార్జి రోజు నవ్వుతూ, 'మీ మామగారిది కూడా మ్యాచ్ అయిందంట కదమ్మా, అయినా మీరే ఇచ్చారు, గొప్పవాళ్లు' అంటుంది. మామగారు ఇవ్వనన్న సంగతి దాచి, మ్యాచ్ కాలేదని ఇంట్లో ఆమెకు చెప్పారు. ఎవరు చెప్పారో ఆమెకు గుర్తుంది. అంతే, ఆ నిమిషం నుంచి ఆమె మాట్లాడదు.

అంతకు ముందే ఇంకో సీను దాచిపెట్టుకోండి. ఆపరేషన్‌కి ముందు, ఇష్టపడే ఇస్తున్నారా అని ఆమెను ఒంటరిగా అడిగిన గది. తలుపు వేసుకోవడం వరకే చూపించండి. గ్రీకులు హత్యను దాదాపుగా స్టేజీ మీద చూపించరు, లోపలి నుంచి కేక వినిపిస్తారు. మీరు ఆ కేక కూడా వినిపించకండి. ఆమె ఏం చెప్పిందో చివర్లో బయటపడాలి. ఆఖర్న పోలీసుల్నో, మంచి లాయర్నో దించి గట్టెక్కించొద్దు. చివర్లో మెడియాను దేవుడి రథమెక్కించి తప్పించినందుకే అరిస్టాటిల్ తప్పుపట్టాడు.

మూడో రోజు ఆమె నోరు విప్పాలా? థ్రిల్లర్ అయితే విప్పాల్సిందే, పాఠకుడికి మీరు జవాబు బాకీ. పెద్ద ఉపన్యాసం మాత్రం రాయొద్దు. నేనైతే అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, మామగారి రిపోర్టు ఏ ఫైల్లో పెట్టారని ఆమెతో అడిగిస్తాను.