పాత చైల్డ్ కార్ సీటును మళ్లీ వాడే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అటక మీది సీటును దించి, దుమ్ము దులిపి కారులో బిగించే ముందు, దాన్ని తలకిందులు చేసి అడుగున గానీ వెనుక గానీ అంటించిన లేబుల్‌ను చదవాలి. తయారీ తేదీ, మోడల్ నంబరు అక్కడే ఉంటాయి. చాలా సీట్లకు కంపెనీలు 6 నుంచి 10 ఏళ్ల గడువు పెడతాయి. ఆ లెక్క సాధారణంగా కొన్న రోజు నుంచి కాక తయారైన రోజు నుంచి మొదలవుతుంది. లేబుల్ చిరిగి తేదీ తెలియకపోతే ఆ సీటును పక్కన పెట్టడమే మేలు. లోపం వల్ల కంపెనీ ఆ మోడల్‌ను వెనక్కి పిలిపించిందేమో కూడా నంబరుతో సరిచూసుకోవాలి.

ప్రమాదం సంగతి కంటికి కనిపించదు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. ఓ మోస్తరు లేదా తీవ్రమైన ప్రమాదం జరిగినప్పుడు కారులో ఉన్న సీటును, పైకి ఎంత చక్కగా ఉన్నా, మళ్లీ వాడకూడదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలో ప్రమాదం చిన్నదనిపించుకోవాలంటే కారు నడిచే స్థితిలో ఉండాలి, సీటుకు దగ్గరి తలుపు చెడకూడదు, ఎవరికీ గాయాలు కాకూడదు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకూడదు, సీటు మీద దెబ్బ కనిపించకూడదు. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా అది చిన్న ప్రమాదం కాదు. ముక్కూమొహం తెలియనివారు అమ్మే సీటు విషయంలో ఈ జవాబులను నమ్మడం కష్టం, అందుకే అలాంటిది కొనకపోవడమే నయమని నా అభిప్రాయం.

తర్వాత గుడ్డ తొడుగు విప్పి, ప్లాస్టిక్‌లో పగుళ్లు, లోపలి థర్మోకోల్‌లో విరుగుళ్లు, బెల్టు అంచుల్లో పీచు లేచిన చోట్లు ఉన్నాయేమో వెతకాలి. బకిల్ సందులో తినుబండారాల పొడి ఇరుక్కుని ‘టక్’మని పడకపోవడం తరచూ కనిపించేదే. బెల్టులను డిటర్జెంటులో నానబెట్టకూడదు, దానివల్ల నేత బలహీనపడవచ్చు.

చివరగా, మాన్యువల్‌లో రాసిన బరువు, ఎత్తు పరిమితులు ఇప్పుడు కూర్చోబోయే బిడ్డకు సరిపోవాలి. అన్నకు సరిపోయింది కదా అని తమ్ముడికి సరిపోతుందనుకోకూడదు.