గేమింగ్ కమ్యూనిటీ బాట్లకు వాలంటీర్ డెవలపర్లను ఎలా వెతకాలి?

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోని గేమింగ్ గ్రూపుల్లో టోర్నమెంట్ లిస్టులు, మ్యాచ్ టైమ్‌ల లాంటి పనులు తనంతట తానే చేసే ప్రోగ్రామే బాట్. దాన్ని రాసిన మనిషి ఉద్యోగంలో పడి గ్రూపుకు రావడం మానేస్తాడు. టోకెన్ (బాట్ లాగిన్ అయ్యే రహస్య కీ), హోస్టింగ్ (బాట్ నడిచే సర్వర్) పాస్‌వర్డ్, కోడ్ అన్నీ ఆయన దగ్గరే ఉండిపోతాయి. సరిగ్గా టోర్నమెంట్ రోజు బాట్ ఆగిపోతుంది. అప్పటికప్పుడు "డెవలపర్ కావాలి" అని పోస్టు పెడితే ఎవరైనా వచ్చినా, వాళ్ల చేతికి ఇవ్వడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అందుకే మనిషిని వెతికే ముందు చేయాల్సిన పనులు కొన్నున్నాయి.

1. యాజమాన్యం మార్పించండి

డిస్కార్డ్ డెవలపర్ పోర్టల్‌లో బాట్‌ను ఒక్కరి ఖాతా నుంచి టీమ్ కిందకు మార్చుకోవచ్చు. ఆ మార్పు పాత యజమానే చేయాలి కాబట్టి, ఆయన మెసేజ్‌లకు జవాబిస్తున్న రోజుల్లోనే అడిగేయండి.

2. కోడ్‌ను కొత్తవాళ్లకు సిద్ధం చేయండి

కోడ్‌ను గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని, పంచుకునే సైట్) అందరికీ కనిపించేలా పెట్టే ముందు టోకెన్‌ను రీసెట్ చేయండి. ఫైల్లోంచి టోకెన్ తీసేసినంత మాత్రాన సరిపోదు, పాత కమిట్లలో (ఇంతకుముందు చేసిన మార్పుల రికార్డులో) అది అలాగే ఉంటుంది. లైసెన్స్ కూడా తప్పకుండా జత చేయండి. అది లేకపోతే కోడ్‌ను మార్చుకుని వాడే హక్కు ఇతరులకు ఉండదు. ఆ తర్వాత బాట్ గురించి ఏమీ తెలియని ఒకరికి రీడ్‌మీ (కోడ్‌ను ఎలా నడపాలో చెప్పే ఫైల్) ఒక్కటే ఇచ్చి, సొంత టెస్ట్ సర్వర్‌లో నడపమనండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ రీడ్‌మీని సరిదిద్దండి.

3. ముందు మన గ్రూపులోనే చూడండి

నా అనుభవంలో మంచి మెయింటెయినర్లు (బాట్ బాగోగులు చూసుకునేవాళ్లు) ప్రకటనలు చూసి వచ్చినవాళ్లు కాదు, ఫిర్యాదులు రాసినవాళ్లు. "బాట్ పనిచేయట్లేదు" అని చాలామంది అంటారు. ఎవరో ఒకరు మాత్రం "ఇద్దరు ఒకేసారి జాయిన్ నొక్కితేనే లిస్టులో ఒక పేరు పోతోంది, విడివిడిగా నొక్కితే బాగానే ఉంది" అని రాస్తారు. ఆ మనిషికి విడిగా మెసేజ్ పెట్టండి. కోడింగ్ కొద్దిగానే వచ్చినా ఫరవాలేదు, సమస్యను వేరుచేసి చూడటం అప్పటికే వచ్చు.

అడిగేటప్పుడు బాట్ మొత్తాన్ని నెత్తిన పెట్టకండి. ఒక చిన్న పని చెప్పండి. ఉదాహరణకు ఇలా:

"మన బాట్ పైథాన్‌లో ఉంది. మ్యాచ్ టైమ్ చెప్పే కమాండ్ వేరే దేశాల వాళ్లకు తప్పు చూపిస్తోంది. డిస్కార్డ్ టైమ్‌స్టాంప్ వాడితే ఎవరి టైమ్ వాళ్లకు కనిపిస్తుంది. ఈ ఒక్కటి చేసిపెడతారా? డబ్బు ఇవ్వలేం, మీ పేరు రీడ్‌మీలో ఉంటుంది."

డబ్బు సంగతి మొదటి మెసేజ్‌లోనే చెప్పాలి. తర్వాత తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు.

4. దొరక్కపోతే బయట అడగండి

గిట్‌హబ్‌లో చిన్న పనులకు "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ పెట్టండి. నేర్చుకునేవాళ్లు దాన్ని చూసే వెతుక్కుంటారు. బాట్ ఏ లైబ్రరీతో (సిద్ధంగా దొరికే కోడ్‌తో) రాశారో ఆ లైబ్రరీ వాడేవాళ్ల గ్రూపుల్లోనూ, వాళ్ల నియమాలు చూసుకుని, అడగవచ్చు.

5. నమ్మకం పెరిగేకొద్దీ అనుమతులివ్వండి

కొత్తవాళ్లు తమ సొంత టెస్ట్ టోకెన్‌తోనే పనిచేయగలరు, అసలుది ఇవ్వనక్కర్లేదు. కొన్ని మార్పులు బాగా చేశాక హోస్టింగ్ అనుమతి ఇవ్వండి. ఆ అనుమతి ఎప్పుడూ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి.

వచ్చినవాళ్లను నిలబెట్టుకోవడం ఇంకా ముఖ్యం. పైథాన్‌లో డిస్కార్డ్ బాట్లు రాయడానికి వాడే డిస్కార్డ్ డాట్ పై లాంటి పేరున్న లైబ్రరీ పనే 2021 ఆగస్టులో ఆగిపోయి, 2022 మార్చిలో మళ్లీ మొదలైంది. ఎవరైనా పంపిన మార్పుకు రెండు మూడు రోజుల్లో జవాబివ్వండి, చూడటానికి తీరిక లేకపోతే ఆ మాటే రాయండి. పరీక్షలనో పని ఒత్తిడనో విరామం అడిగితే వెంటనే ఒప్పుకోండి. వెళ్లే ముందు, సగంలో ఉన్న పనులేవో, బాట్‌ను మళ్లీ స్టార్ట్ చేయడమెలాగో ఒక పేజీలో రాయించుకోండి.